సంచి మీది నారింజ పిట్ట

ఆ ఇంటికి బోర్డు లేదు. అచ్చాఫీసు యంత్రాల చప్పుడు పగలల్లా వినిపించే సందు చివర, వెల్ల వేసి చాలాకాలమైన ఆ రెండంతస్తుల మేడలో ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్ళు అద్దెకుంటున్నారని ఇరుగుపొరుగువారి నమ్మకం. ఆ నమ్మకం చెదరకుండా చూసుకోవడం ఆ ఇంటివారి మొదటి నియమం. నిజానికి అక్కడ తలదాచుకొన్నవారందరూ కట్టుకొన్నవాడి చేతిలో చావుదెబ్బలు తిని, కట్టుబట్టలతో, చంకన పిల్లలతో బయటపడినవారు. వారిని వెతుక్కుంటూ తిరిగే మగవాళ్ళు ఊళ్ళో ఎప్పుడూ ఉండేవారు.

ఆ మేడలో సామాన్ల గది తాళంచెవులు ఎవరి నడుమున వేలాడేవో ఆమెను పిల్లలు సామాన్లక్క అనేవారు. పెద్దలకూ ఆ పిలుపే అలవాటైంది. యాభై దాటిన మనిషి. నోరు చిన్నది, చూపు పెద్దది. ఆమె ఆపదలో పడి ఆ గడప తొక్కిన మనిషి కాదు, జీతానికి వచ్చిన మనిషి. అంతకుముందు ఆమె వయసంతా ఎగుమతి బట్టల కర్మాగారంలో, చొక్కాల మెడపట్టీలకు కంపెనీ పేరున్న గుడ్డముక్కలు కుట్టే బల్ల దగ్గర గడిచిపోయింది. కర్మాగారం మూతపడి ఆమె దిక్కులు చూస్తున్న రోజుల్లో, ఈ ఇంటిని నడిపే సంఘానికి కార్యదర్శిగా ఉన్న పెద్దామె పిలిచి ఈ పని అప్పగించింది. అప్పగిస్తూ ఒక్కటే అడిగింది: "ఇక్కడ చూసింది ఇంట్లో చెప్పకుండా ఉండగలవా?"

"మా ఆయనకి కూడానా అండీ?"

"ముందు మీ ఆయనకే."

ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసి, మోకాళ్ళు అరిగి ఇంటిపట్టున కూర్చొన్నవాడు. హాస్యప్రియుడు. భార్య ఎక్కడ పనిచేస్తున్నదో ఆయనకు తెలియదు గాని, ఏం పనిచేస్తున్నదో మాత్రం ఆమె వేళ్ళకంటిన దారపు పోగులను బట్టి పసిగట్టాడు. "సగం జీవితం బట్టల మీద పేర్లు కుట్టావు. మిగతా సగం ఊడదీస్తున్నావు. దేవుడు నీ లెక్క సరిచేస్తున్నాడే," అనేవాడు. ఆమె నవ్వి ఊరుకొనేది.

ఆయన అన్నది నిజమే. ఆ ఇంటికి వచ్చే దుప్పట్లు, వానకోట్లు, బడిసంచులు ఒక రంగుల కంపెనీవారు నెలకొల్పిన ధర్మనిధినుంచి వచ్చేవి. ఇంటి అద్దె సగం ఆ నిధే భరించేది. వచ్చిన ప్రతి వస్తువు మీదా అరచేతి వెడల్పున నారింజరంగు పిట్ట బొమ్మ కుట్టి ఉండేది. రెక్కలు చాచిన ఆ పిట్ట కింద 'మీ కన్నీటికి మా రెక్కల నీడ' అని అక్షరాలు. ఆ పిట్ట ఊరంతటికీ తెలుసు. బస్సులు ఆగే చోట్ల గోడల మీద, రంగు డబ్బాల మూతల మీద, 'ఇంట్లో దెబ్బలు తింటున్నారా? మాకు ఫోను చేయండి' అన్న మాటల పక్కన అదే పిట్ట. అది వీపున మోస్తూ ఒక పిల్ల వీధిలో నడిస్తే, ఆ పిల్ల ఎలాంటి ఇంటినుంచి వస్తున్నదో చూసిన ప్రతివారికీ తెలిసిపోతుంది. తెలియకూడనివారికి మొదట తెలుస్తుంది.

అందుచేత సరుకు దిగినరోజే సామాన్లక్క గది తలుపు మూసుకొని, బ్లేడుతో ఒక్కొక్క పిట్టనూ ఊడదీసి డబ్బాలో వేసేది. కుట్టు పడిన చోట సూదిరంధ్రాలు కనిపించకుండా తడిగుడ్డతో రుద్ది ఆరబెట్టేది. అయితే ధర్మనిధివారి ఒప్పందంలో వస్తువులు బొమ్మతోనే ఉండాలని ఉంది. అప్పుడప్పుడూ తనిఖీకి ఒక అమ్మాయి వచ్చి వస్తువుల ఫోటోలు తీసుకొని వెళ్ళేది. పాపం, ఆ సంస్థవారు జాగ్రత్త తెలియనివారు కారు. మనుషుల ముఖాలు తీయవద్దని వారికి వారే నియమం పెట్టుకొన్నారు. సామాన్లకు కూడా ముఖం ఉంటుందన్న సంగతి వారికి తట్టలేదు.

తనిఖీ వస్తున్నదని కబురు అందగానే సామాన్లక్క డబ్బా దించి, పిట్టలన్నిటినీ తిరిగి కచ్చాకుట్టుతో తగిలించేది. తనిఖీ అమ్మాయి వీధి మలుపు దాటగానే దారం కొస పట్టి లాగితే చాలు, పిట్ట చేతిలోకి వచ్చేసేది. పిల్లలు ఆ రోజులకు పేర్లు పెట్టారు: పిట్టలు వాలే రోజు, పిట్టలు ఎగిరే రోజు. కార్యదర్శికి ఈ తంతు ఇష్టం లేదు. కాని ధర్మనిధివారితో కూర్చొని మాట్లాడుదామని ఎవరైనా అంటే ఆమె ముఖం చిన్నబోయేది. "మాట్లాడితే ఒప్పందం తీసి చూపిస్తారు. ఇంకో నిధి మన గుమ్మంలో వరుస కట్టి నిలబడి లేదు," అనేది. అలా పని గడిచిపోతూ వచ్చింది.

ఆ ఏడు చలి ముదరకముందు ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి ఎడమచేయి వంకరగా అతికి ఉంది. అయినా రెండువారాలు తిరక్కుండానే లాండ్రీలో ఇస్త్రీ పని సంపాదించుకొంది. కూతురు నాలుగో తరగతి. నోరు మూతపడని పిల్ల కావడంచేత సామాన్లక్క దానికి ప్రశ్నల పాప అని పేరు పెట్టింది. "సామాన్లక్కా, సబ్బులకి తాళం ఎందుకు? అవి పారిపోతాయా?" "పారిపోవు తల్లీ, నువ్వు నురగలాడతావని." "మరి బియ్యం?" "నువ్వు వెళ్ళి చదువుకో." బడిలో చేర్చిన మొదటి వారం ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడలేదని, తరువాత ఆపడం తమవల్ల కావడం లేదని పంతులమ్మ ఫోనులో చెప్పినప్పుడు ఆ తల్లి ముఖం చూడవలసిందే. నెత్తిన ఎవరో చల్లని నీళ్ళు పోసినట్లు కళ్ళు మూసుకొని నిలబడిపోయింది.

ఆ ఇంట్లో మరో అలవాటు ఉండేది. కొత్తగా వచ్చినవారికి ఇంటి భయాలను వెంటనే నూరిపోసేవారు కారు. వారి భయం వారికి చాలదా, మన భయం కూడా ఎందుకు మోయించడం అనేది కార్యదర్శి. అందువల్ల పిట్టలు ఎందుకు వాలతాయో, ఎందుకు ఎగురుతాయో ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు.

పిట్టలు వాలే రోజు వచ్చింది. తనిఖీ అమ్మాయి చేతిసంచీ భుజాన వేసుకొని నవ్వుతూ గదులన్నీ తిరిగింది. దుప్పట్ల దొంతర ఫోటో, వానకోట్ల వరుస ఫోటో, మేకులకు వేలాడుతున్న బడిసంచుల ఫోటో తీసింది. ప్రశ్నల పాప ఆమె వెనుకే నడిచింది.

"అక్కా, మా సంచులకి ఫోటో ఎందుకు?"

"ఇచ్చినవాళ్ళకి చూపించాలి కదా బంగారం."

"ఇచ్చినవాళ్ళకి సంచి ఎలా ఉంటుందో తెలీదా?"

తనిఖీ అమ్మాయి ఫక్కున నవ్వి, "మా ఆఫీసులో ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు," అంది.

ఆమె వెళ్ళిపోయాక సామాన్లక్క సంచుల వరుస ముందు నిలబడి దారపు కొసలు లాగసాగింది. ఒక్కొక్క పిట్ట ఊడి చేతిలో పడుతున్నది. ప్రశ్నల పాప సంచి దగ్గరకు వచ్చేసరికి దారం కదలలేదు. వేలితో తడిమి చూసింది. ఆమె వేసిన కచ్చాకుట్టు కాదది. అంచు చుట్టూ దగ్గర దగ్గరగా, చేయి తిరిగిన మనిషి వేసిన గట్టికుట్టు. ఎవరు కుట్టారో ఆలోచించే వ్యవధి లేకపోయింది. బ్లేడుతో తీయాలని సంచిని పక్కన బల్ల మీద పెట్టిందో లేదో, వీధి తలుపు దగ్గర కేక. ఎవరో అమ్మాయి నెత్తురోడుతూ వచ్చి గుమ్మంలోనే కూలబడిపోయింది. సామాన్లక్క దూది, దుప్పటి, వేడినీళ్ళు పట్టుకొని పరుగెత్తింది. ఆ సాయంకాలమంతా ఆస్పత్రిలోనే గడిచింది. మర్నాడు పొద్దున ఆమె పనికి వచ్చేసరికి ప్రశ్నల పాప, బల్ల మీది తన సంచి తాను తీసుకొని, బడికి వెళ్ళిపోయింది. ఆస్పత్రి హడావిడిలో సామాన్లక్కకు ఆ సంచి సంగతి గుర్తుకు రాలేదు. ఆ వారమంతా గుర్తుకు రాలేదు.

గుర్తుకు తెచ్చింది బడినుంచి వచ్చిన ఫోను.

"పాప బయటికి రానంటోంది," అంది పంతులమ్మ గొంతు తగ్గించి. "కడుపునొప్పి అని చెప్పింది, నొప్పి కాదని నాకర్థమైంది. గేటు దగ్గర వాళ్ళ నాన్న ఉన్నాడట. ఎవరైనా వెంటనే రండి."

తల్లి లాండ్రీలో ఉంది. కార్యదర్శి కోర్టులో ఉంది. సామాన్లక్క శాలువా కప్పుకొని బయలుదేరింది. బడి ముందు వీధికి వెళ్ళకుండా ఆటస్థలం వైపు తిరిగి, వంటగది తలుపు తట్టింది. బడి కాపలాదారు ముసలాయన తలుపు తీసి, తన వంతుగా సంగతి చెప్పాడు.

"పాపం, మంచి మనిషిలాగే ఉన్నాడమ్మా. చేతిలో బొమ్మ కూడా ఉంది. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వ్యాను తోలే స్నేహితుడెవరో ఈ గేటు దగ్గర మన పాప సంచి మీద ఆ కంపెనీ పిట్టని చూసి, ముఖం పోల్చుకుని చెప్పాడట. 'మా పాప ఆ పిట్టల ఇంట్లో ఉందని అలా తెలిసింది తాతా' అన్నాడు. తండ్రి కదా, పంపిద్దామా అనుకున్నా. పంతులమ్మే ఒప్పుకోలేదు."

బల్ల, సంచి, కదలని దారం, వీధి తలుపు దగ్గరి కేక ఒక్కసారిగా సామాన్లక్క కళ్ళముందు నిలిచాయి.

ప్రశ్నల పాప పటాలు దాచే చీకటికొట్టులో, చుట్టిన పటాల వెనుక కూర్చొని ఉంది. సంచి ఒళ్ళో ఉంది. దాని మీద పిట్ట పొంకంగా రెక్కలు చాచి ఉంది. ఆ పిల్ల ఎప్పుడూ లేనంత మెల్లగా మాట్లాడింది.

"నాన్న నవ్వుతున్నాడు సామాన్లక్కా. నేను కిటికీలోంచి చూశా."

"నిన్ను చూశాడా?"

"లేదు. కోపంగా ఉంటే ఇంత భయం ఉండదు. నవ్వితేనే భయం."

ఆమె సంచిని శాలువా కింద దాచి, పిల్ల చేయి పట్టుకొని, వంటగది తలుపు గుండా ఆటస్థలం దాటి, తిన్నని దారి వదిలి సందులు తిరుగుతూ ఇల్లు చేరింది. దారి పొడవునా ఆ పిల్ల ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మధ్యాహ్నం లాండ్రీనుంచి తల్లి పరుగున వచ్చింది. కూతురి ఒళ్ళంతా తడిమి చూసుకొని, ఏమీ కాలేదని తెలిశాక గోడకు చేరబడింది. కార్యదర్శి కోర్టునుంచి తిన్నగా వచ్చి ఎదుట కూర్చొంది. బడి తెలిసిపోయింది గనుక ఇల్లు కనుక్కోవడం వాడికి పెద్దపని కాదనీ, వేరే ఊళ్ళో ఇలాంటి ఇంటికి వారిద్దరినీ పంపక తప్పదనీ నెమ్మదిగా చెప్పింది.

"నాలుగు రోజులు బడి మాన్పిస్తానండీ. లోపలే ఉంచుతా," అంది తల్లి.

"వాడు నాలుగు రోజులకి విసుగుపడే మనిషేనా?"

తల్లి సామాన్లక్క వైపు తిరిగి, "ఎన్నిసార్లు మూట కట్టాలక్కా?" అంది. "ఉద్యోగం దొరికింది. దానికి ఒక స్నేహితురాలు దొరికింది. పెన్సిలు ఇచ్చిపుచ్చుకుంటారట. మళ్ళీ మూట కట్టమంటే దానికి నేనేం చెప్పను?"

సామాన్లక్క ఉన్నదున్నట్లు చెప్పేసింది. పిట్టలను ఎందుకు తీస్తారో, ఈ సంచి ఎలా మిగిలిపోయిందో అంతా చెప్పి, "తీయాల్సింది నేను. తీయలేదు. మిమ్మల్ని కదిలించింది నా చెయ్యే," అంది.

తల్లి సంచిని దగ్గరకు తీసుకొని ఆ కుట్టును వేలితో తడిమింది.

"ఇది కుట్టింది నేనక్కా. ఆ రోజు పొద్దున చూస్తే ఉత్త సంచి మీదికి పిట్ట వచ్చి ఉంది, ఊగిసలాడుతోంది. ఇచ్చినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు, వీళ్ళకి విలువ తెలీదనుకోరా అని గట్టిగా కుట్టా. బస్సు ఆగే చోట గోడ మీద ఈ పిట్ట లేకపోతే నాకీ ఇల్లే తెలీదు. చెయ్యి విరిగిన రోజు, దాని కిందున్న నంబరు చూసి ఫోను చేశా. అది ఊడిపోతుంటే చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు."

ఆమెను గడప దాటించి తెచ్చినదీ ఆ పిట్టే, ఇప్పుడు గడప దాటిస్తున్నదీ ఆ పిట్టే. ఎవరిని తప్పుపట్టాలో తెలియక కార్యదర్శి కళ్ళద్దాలు తీసి తుడుచుకొంటూ ఉండిపోయింది. మరునాడు పక్కవీధి రొట్టెల దుకాణం దగ్గర ఒక మనిషి బొమ్మ పట్టుకొని 'ఆడవాళ్ళుండే మేడ ఎక్కడ' అని అడుగుతున్నాడని పాలమనిషి చెప్పింది. ఇక ఆలోచించడానికి ఏమీ మిగలలేదు. వంటసామాను తెచ్చే బండి వెనుక భాగంలో తల్లినీ కూతురినీ కూర్చోబెట్టి పంపించారు. ఎక్కడికి పంపారో కార్యదర్శి తప్ప మరొకరు తెలుసుకోకూడదు, అడగకూడదు. అది ఆ ఇంటి నియమాల్లోకెల్లా కఠినమైనది. బండి కదిలేటప్పుడు ప్రశ్నల పాప తల బయటపెట్టి, "అక్కడ కూడా సామాన్లక్క ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందని ఆమె చెప్పింది. ఉంటుందో లేదో ఆమెకు తెలియదు.

ఆ తరువాత సామాన్లక్క గదిలో పని నడుస్తూనే ఉన్నా, ఆమె మనసు మాత్రం చాలాకాలం కుదుటపడలేదు. బియ్యం కొలుస్తూ కొలత మరిచిపోయేది. ఒకనాడు కార్యదర్శి దగ్గరకు వెళ్ళి, "ఈసారి నేను కుట్టనండీ," అంది.

"కుట్టకపోతే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసండీ. మీరింకెవరిచేతనైనా కుట్టించుకోండి. నా చేత్తో మాత్రం కాదు."

కార్యదర్శి మండిపడింది. రెండురోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడోనాడు సామాన్ల గదికి వచ్చి, పిట్టల డబ్బా వైపు చూసి, "నేనూ కుట్టించను. రానీ, వచ్చేది రానీ," అని వెళ్ళిపోయింది.

తనిఖీ అమ్మాయి వచ్చింది. మేకులకు వేలాడుతున్న ఉత్త సంచులను చూసి ముందు నిర్ఘాంతపోయింది. తరువాత ఆమె కళ్ళలోకి అనుమానం వచ్చింది. "ఇవి మావేనా? మా సరుకు ఏమైంది?" అని అడిగింది. కార్యదర్శి సంగతంతా చెప్పింది. తనిఖీ అమ్మాయి కుర్చీలో కూర్చొని అడిగింది:

"ఆ ప్రశ్నలడిగే పాపేనా?"

"ఆ పాపే."

"ఇప్పుడెక్కడుంది?"

"నాకు తెలీదండీ," అంది సామాన్లక్క.

"నేను కాదనడం లేదక్కా," అంది తనిఖీ అమ్మాయి. "మీరు చేసింది తప్పనీ అనను. కానీ మీరూ ఒక్కటి వినండి. ఈ దుప్పట్లు కంపెనీ యజమాని జేబులోంచి వస్తున్నాయనుకుంటున్నారేమో. అక్కడ పనిచేసేవాళ్ళు ప్రతి నెలా జీతంలోంచి ఇస్తారు. ఆ పిట్టను ఫోటోలో చూసి, ఇది మనమిచ్చిందే అని సంతోషపడి మళ్ళీ ఇస్తారు. ఉత్త సంచి చూపిస్తే నన్ను నమ్ముతారా? ఇంతకుముందొక సంస్థవాళ్ళు దుప్పట్లు అమ్ముకుంటే, నమ్మి సంతకం పెట్టినామె ఉద్యోగం పోయింది."

అది అబద్ధం కాదు. ఆ మాట ఎవరి తరఫున చెప్పిందో వారి చెమట ఎలాంటిదో కర్మాగారపు బల్ల దగ్గర కూర్చొన్న మనిషికి చెప్పనవసరం లేదు. చివరికి సామాన్లక్క ఇంతమాత్రం అంది:

"వాళ్ళని నమ్మించడం ఎలాగో నాకు తెలీదండీ. నేను కుట్టిన పిట్టను పట్టుకొని వాడు బడిదాకా వచ్చాడు. అది తెలిశాక సూది పట్టుకోలేను."

తనిఖీ అమ్మాయి ఆ రోజు ఫోటోలు తీయలేదు. పెద్దలముందు పెడతానని చెప్పి వెళ్ళింది. ఎన్నాళ్ళకూ జవాబు రాలేదు. అద్దె డబ్బు వస్తూ ఉంది, ఎంతకాలమో తెలియదు. దుప్పట్ల బండి మాత్రం రాలేదు. చలి ముదిరింది. కార్యదర్శి దుకాణాల మెట్లెక్కి దిగసాగింది. ఒక బట్టల వ్యాపారి నాసిరకం దుప్పట్లు కొన్ని ఇస్తూ, "నా పేరు ఎక్కడా చెప్పకండి తల్లీ. వాడి పెళ్ళాం మీ దగ్గరే ఉందేమోనని మా బావమరిదికి అనుమానం. తెలిస్తే నా దుకాణం తగలబెడతాడు," అన్నాడట. ఆ మాట విని ఇంట్లోవారు పగలబడి నవ్వారు. వంటగదిలో ఒకామె మాత్రం నవ్వలేదు. సామాన్లక్క పాత దుప్పట్లలో చిరిగినవి కత్తిరించి, రెండింటిని ఒకటిగా కలిపి బొంతలు కుట్టింది. అయినా అందరికీ చాలలేదు. పెద్దవాళ్ళు ఇద్దరికొకటి కప్పుకొన్నారు. తన పంతానికి వీళ్ళు వణుకుతున్నారా అన్న ప్రశ్న పొద్దున్నే గది తాళం తీసేటప్పుడల్లా ఆమె ఎదుట నిలబడేది. ఆమె దానికి ఎప్పుడూ తేలికైన సమాధానం చెప్పుకోలేదు.

ఒకనాడు ఆమె చెప్పులు సర్దుతూ ఉండగా కార్యదర్శి వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. ఎటో చూస్తూ, ఎవరికో కావాలన్నట్లు అడిగింది:

"పాత పిల్లల్లో... ఆ నాలుగో తరగతి పిల్ల పాదం కొలత నీకు గుర్తుందా?"

సామాన్లక్క చేతిలో చెప్పుల జత అలాగే ఆగిపోయింది. కొలత చెప్పింది. చెప్పి, "ఒక కొలత పెద్దవి కొనమనండి. ఎదిగే కాళ్ళు కదా," అంది.

"నేనేమీ చెప్పలేదు," అంది కార్యదర్శి.

"నేనేమీ అడగలేదండీ."

ఆ సాయంకాలం ఇంటికి చేరేసరికి మెకానిక్కు మోకాళ్ళు పట్టుకొని అరుగు మీద కూర్చొని ఉన్నాడు. భార్య నడకలోని మార్పు ఆయన దూరంనుంచే చూశాడు.

"ఏంటే, ఇవాళ కాళ్ళు నేలమీద ఆనడం లేదు? జీతం పెంచారా?"

చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల ఎక్కడో నడుస్తున్నదనీ, పాత చెప్పులు ఇరుకైపోయేటంతగా ఎదుగుతున్నదనీ ఈ లోకంలో ఒక్కరితోనైనా అనాలనిపించింది. ఆమె ఆయన పక్కన కూర్చొని మోకాలికి నూనె రాయసాగింది.

"ఏం లేదు," అంది. "ఇవాళ చెప్పులు సర్దాను."